ఉక్కు కవచం, లోపలి మనిషి: ఒక శృంగార యుద్ధ నవల గురించి

(విజయవాడలో పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది ఈ రాతప్రతి చదివే వచ్చారు. చదవనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెబుతాను. నవల ఇంకా అచ్చు కాలేదు కాబట్టి పేరు బయటపెట్టొద్దని రచయిత్రి అడిగారు. ఆ మాట పాటిస్తాను. ఆవిడ ఇక్కడే ఉన్నారు. నచ్చినవీ నచ్చనివీ రెండూ ఆవిడ ఎదుటే చెప్పాలని నేనే కోరుకున్నాను.

రాబోయే కాలంలో ఎప్పుడో కృష్ణా డెల్టా యుద్ధభూమి అవుతుంది. సముద్రం మీదుగా వచ్చిన సైన్యం దివిసీమ పట్టుకుని బెజవాడ వైపు కదులుతూ ఉంటుంది. రెండు వైపులా ఉన్నవి మెకాలు, అంటే మనిషి లోపల కూర్చుని నడిపే మహాయంత్రాలు. ఒక్కో యంత్రంలో ఇద్దరుంటారు. ఒకరు పైలట్, ఇంకొకరు మెకానిక్. ఇద్దరి నరాలకూ యంత్రానికీ మధ్య ఒక లింకు ఉంటుంది. పైలట్ గుంటూరు మనిషి, నలభైకి దగ్గర పడినవాడు, పాత యుద్ధంలో ఒళ్లు కాలి ఆస్పత్రి నుంచి తిరిగొచ్చినవాడు. మెకానిక్ మన ఆటోనగర్‌లో నాన్న షెడ్డులో పెరిగిన మనిషి. ముప్పై నాలుగేళ్లు, భర్తతో విడిపోయింది. వీళ్లిద్దరి కోరిక, వీళ్ల యుద్ధం, అదే కథ. శృంగారం దాపరికం లేకుండా రాశారు. అది తెలిసే చదవాలి, పెద్దవాళ్లే చదవాలి.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. యుద్ధంలో నలిగే ఒళ్లూ ప్రేమలో తడిమే ఒళ్లూ ఒకటే అయిన ప్రతిచోటా ఈ నవల నన్ను కదిలించింది. ఆ రెండూ వేరుపడిన చోటల్లా చప్పబడిపోయింది.

‘యుద్ధం మధ్యలో శృంగారం ఏమిటి, రుచీ పచీ లేని కలగాపులగం’ అని ఇందాక ఒక పెద్దాయన అన్నారు. ఆయన మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. 9వ శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం అనే కావ్యశాస్త్రం రాస్తూ, ఏ రసం పక్కన ఏది ఇముడుతుంది, ఏది ఇమడదు అని తేల్చి చెప్పాడు. వీరానికీ శృంగారానికీ విరోధం లేదన్నాడు. రౌద్రానికీ శృంగారానికీ కూడా లేదన్నాడు. శృంగారానికి పడనిది బీభత్సం. వీరానికి పడనిది భయానకం. ఈ రెండు జంటలూ గుర్తుపెట్టుకోండి, నవల మధ్యభాగం దగ్గర మళ్లీ పనికొస్తాయి.

ఇంకా గొప్ప సంగతి ఆయన ఇచ్చిన ఒక ఉదాహరణలో ఉంది. మహాభారతంలో భూరిశ్రవుడు సాత్యకిని చంపబోతుంటే అర్జునుడు ఆ చెయ్యి నరికేస్తాడు. తర్వాత సాత్యకి అతన్ని చంపుతాడు. స్త్రీపర్వంలో భార్య ఆ తెగిన చేతిని ఒడిలో పెట్టుకుని ఏడుస్తుంది. ఆ ఏడుపులో ఏమంటుంది? నా ఒడ్డాణం లాగిన చెయ్యి ఇదే, నా చీరముడి విప్పిన చెయ్యి ఇదే అంటుంది. శవాల మధ్య, గద్దల మధ్య, అత్తల ఎదుట ఈ మాట అంటుంది. దాన్ని ఎవరూ అశ్లీలం అనలేదు. ఆ శృంగారం శోకాన్ని తగ్గించదు, పెంచుతుంది అన్నాడు ఆనందవర్ధనుడు. పోయినవాడు వీరుడని తెలిస్తే మనం తల వంచుతాం. ఆ చెయ్యి ఎక్కడెక్కడ తిరిగిందో తెలిశాక తట్టుకోలేం.

అంత దూరం ఎందుకు, ఇక్కణ్ణుంచి కారంపూడి ఎంత దూరం? శ్రీనాథుడిదని చెప్పుకునే పల్నాటి వీరచరిత్ర ద్విపదలో బాలచంద్రుడు యుద్ధానికి పోయే ముందు మంచాల ఇంటికి వెళ్తాడు. ఆమె పెళ్లాడిన భార్యే. కానీ అతను అన్నాళ్లూ శ్యామాంగి అనే వేశ్య దగ్గరే ఉండిపోయాడు. మంచాలను చూడగానే మోహం కమ్మేసి యుద్ధం సంగతే మరిచిపోతాడు. ఆ మనిషిని మళ్లీ రణం వైపు తిప్పింది మంచాల. ఆ ఒక్క రాత్రి కోసం ఆమె ఎంతకాలం ఎదురుచూసి ఉంటుందో ఆలోచించండి. దాన్ని చేతులారా వదులుకుంది. ఆ గదిలో కోరిక ఎంత బలంగా ఉందో కవి మనకి చూపించాడు కాబట్టే ఆ వదులుకోవడానికి అంత బరువు వచ్చింది. అక్కడ శృంగారం తీసేస్తే మిగిలేది ఉపన్యాసం. పల్నాడు పక్కనే ఉన్న మనకి యుద్ధమూ శృంగారమూ కలిసిన కథ కొత్తదేమీ కాదు.

మెకా మాత్రం మనకి బయటి నుంచి వచ్చింది. ఇది జపాన్ వాళ్ల కల్పన. 1956లో వచ్చిన టెట్సుజిన్ 28 అనే బొమ్మల కథలో ఒక అబ్బాయి రిమోట్‌తో రాక్షసయంత్రాన్ని నడుపుతాడు, యంత్రం అక్కడ, అబ్బాయి ఇక్కడ. 1972లో గో నగాయ్ మాజింగర్ జెడ్‌తో మనిషి యంత్రం తలలోకి ఎక్కి కూర్చున్నాడు. 1979లో యోషియుకి టొమినో గుండమ్‌తో ఆ యంత్రాలు సైన్యాల ఆయుధాలయ్యాయి. అవతలి యంత్రంలో ఉన్నదీ మనిషే అయ్యాడు, వాడికీ ఇల్లూ వాకిలీ ఉన్నాయి. 1995లో హిదెయాకి అన్నో తీసిన ఇవాంజెలియన్‌లో యంత్రానికి దెబ్బ తగిలితే లోపల ఉన్న మనిషికి నొప్పి పుడుతుంది. ఈ వరస చూస్తే మీకే అర్థమవుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ మనిషి ఒళ్లు యంత్రానికి దగ్గరవుతూ వచ్చింది. నొప్పి యంత్రం దాకా వెళ్లిందంటే కోరిక వెళ్లడానికి ఎంతోసేపు పట్టదు. మన రచయిత్రి అందుకున్న దారం అది. ఆవిడ కథకి మెకా అవసరం ఉంది, ఊరికే హంగు కోసం తెచ్చిపెట్టలేదు.

ఇక్కడ ఇంకొక మెచ్చుకోలు గట్టిగా చెప్పాలి. ఆ ప్రక్రియకి ఒక పాత జబ్బుంది. యంత్రంలో కూర్చోబెట్టేది ఎక్కువగా పిల్లల్ని. ఇవాంజెలియన్ పైలట్లకి పధ్నాలుగేళ్లు. పిల్లల్ని యుద్ధానికి పంపే పెద్దల క్రూరత్వం చూపించడానికైతే అది సాధనమే. కానీ ఆ వయసు పిల్లల మీద చూపు వేరే రకంగా నిలిపిన బొమ్మల కథలు ఆ మార్కెట్‌లో ఉన్నాయి, వాటిని ఏ కళ పేరు చెప్పీ సమర్థించను. మన రచయిత్రి ఆ వైపే పోలేదు. ఈ నవలలో ఒకరినొకరు కోరుకునేవాళ్లందరూ జీవితం కొంత చూసి దెబ్బతిన్న పెద్దవాళ్లు. ఒకరికి మోకాలి నొప్పి, ఒకరికి విడాకుల కేసు. శృంగారానికి లోతు వచ్చింది అక్కడి నుంచే.

ఇప్పుడు నాలుగో అధ్యాయానికి రండి. నాకు ఈ నవల మీద నమ్మకం కుదిరింది అక్కడే. రాత్రి షెడ్డులో యంత్రం మోకాలి దగ్గర హైడ్రాలిక్ సీల్ పోతుంది, ఆయిల్ కారుతూ ఉంటుంది. ఆమె కింద పడుకుని హోస్ విప్పుతుంటే అతను టార్చి పట్టుకుంటాడు. టార్చి కదులుతోందని రెండుసార్లు విసుక్కుంటుంది. మూడోసారి ఎందుకు కదులుతోందో ఆమెకి అర్థమవుతుంది. పాత కాలిన గాయం వల్ల అతని ఎడమ చెయ్యి భుజం దాటి లేవదు. ఏమీ అనకుండా టార్చి తీసుకుని పళ్ల మధ్య పెట్టుకుని పని పూర్తి చేస్తుంది. తర్వాత డీజిల్‌తో చేతులు కడుక్కుంటుంది, సబ్బుపొడితో రుద్దుకుంటుంది. గోళ్ల సందుల్లో నలుపు పోదు. అతని ముందు ఆ గోళ్లు దాచుకోవాలని చూస్తుంది. అతను ఆ వేళ్లే పట్టుకుంటాడు. ఆ తర్వాత జరిగేదంతా రెండు పేజీలు. ఆ రెండు పేజీల్లో ఎవరి ఒళ్లు ఎక్కడ నొప్పి పెడుతుందో, ఎక్కడ చెయ్యి వేస్తే ఒదిగిపోతుందో మనకి తెలుస్తుంది. భుజం మీద మచ్చ ఎలా ఉంటుందో ఆమె వేళ్ల ద్వారా తెలుస్తుంది. ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందు నిలబడ్డా ఆ వాసన మీ ముక్కుకి తగులుతుంది. ఇంత నిజమైన శృంగార ఘట్టం తెలుగులో నేను ఈ మధ్యకాలంలో చదవలేదు.

ఇదే మచ్చ చివర్లో తిరిగొస్తుంది. యంత్రం కూలిపోతుంది. కాక్‌పిట్ తలుపు బిగుసుకుపోతే ఆమె గ్యాస్ కట్టర్‌తో కోస్తుంది. లోపల ముఖం గుర్తుపట్టే స్థితిలో లేదు. చొక్కా పక్కకి లాగి భుజం చూస్తుంది. అంతే. రచయిత్రి అక్కడ ఒక్క విశేషణం కూడా వాడలేదు, ఏడుపు కూడా రాయలేదు. భూరిశ్రవుడి చెయ్యి నాకు గుర్తొచ్చింది అక్కడే. నాలుగో అధ్యాయంలో ఆ రెండు పేజీలు తీసేస్తే చివర్లో మనం చూసేది ఒక సైనికుడి శవం. అవి ఉన్నాయి కాబట్టి అది మనకి తెలిసిన ఒళ్లు. శృంగారం ఇంత పని చేయగలదని చూపించినందుకు రచయిత్రికి నా నమస్కారం.

ఇక లోపాలు. పొడిపొడిగా వదిలేస్తే ఆవిడకి ఉపయోగం లేదు కాబట్టి వివరంగా చెబుతాను.

మొదటిది బరువు. ఈ నవలలో యంత్రం ఎత్తు 18 మీటర్లు, గుండమ్ ఎత్తు కూడా అంతే. ఏ వస్తువునైనా అదే ఆకారంలో ఎత్తు రెట్టింపు చేస్తే బరువు ఎనిమిది రెట్లవుతుంది, పాదం వైశాల్యం నాలుగు రెట్లే అవుతుంది. అంటే నేల మీద ఒత్తిడి రెట్టింపు. యోకొహామాలో 2020లో కదిలే గుండమ్ ఒకటి నిలబెట్టారు. 25 టన్నులు. దాన్ని కూడా వెనక నుంచి నడుము దగ్గర పట్టుకుని ఉంచితేనే కాళ్లు కదిపింది. మన డెల్టా నల్లమట్టి సంగతి మీకు చెప్పాలా? వానాకాలంలో ట్రాక్టరే దిగబడుతుంది. మొదటి అధ్యాయంలో రచయిత్రికి ఇది బాగా తెలుసు. ఉయ్యూరు దాటాక కాలవ గట్టు పక్కన యంత్రం పాదం దిగిపోతే, స్లీపర్లు పరిచి, జాకీలు పెట్టి రాత్రంతా లేపుతారు. ఎంత బాగుందో! అక్కడ ఆ యంత్రానికి ఒళ్లుంది, అది అలసిపోతుంది. కానీ పదో అధ్యాయం నుంచి అదే యంత్రం అవనిగడ్డ నుంచి బందరు దాకా నిండు వానలో తారు రోడ్డు మీద పోయినట్టు పరిగెడుతుంది. ఆయిల్ కారదు, సీల్ పోదు, ఇంధనం అయిపోదు. సైన్సు లెక్క తప్పిందని నేను అనడం లేదు, అది కల్పన, కొంత వదులుకుంటాం. నా బాధ వేరు. యంత్రానికి బరువు పోగానే యుద్ధానికి బరువు పోయింది. గెలుపు సులువైపోయింది. లోపల ఉన్న ఇద్దరికీ చెమట కూడా పట్టలేదు.

సరిగ్గా ఆ అధ్యాయాల్లోనే శృంగార ఘట్టాలు కూడా పాడయ్యాయి. ఇది కాకతాళీయం కాదు. పది నుంచి పదిహేను దాకా ప్రతి యుద్ధం తర్వాతా ఒక కలయిక ఉంది. యుద్ధం అయిన గంటకే ఇద్దరూ తాజాగా ఉంటారు. భుజం లేవని మనిషికి ఆ అధ్యాయాల్లో భుజం నొప్పే లేదు. భాష కూడా మారిపోయింది. గోళ్లలో నలుపున్న ఆటోనగర్ మనిషి ఉన్నట్టుండి లతాంగి అయిపోయింది, అధరామృతం వచ్చింది, పున్నమి వచ్చింది. ఛాసిస్ చూసుకోకుండా లారీ బాడీకి రంగులేసినట్టుంది. నాలుగో అధ్యాయం రాసిన చేతికి ఆ మాటల అవసరం లేదు. ఒకే ఘట్టాన్ని మార్చి మార్చి ఐదుసార్లు చదివిస్తే పాఠకుడు పేజీలు తిప్పేస్తాడు. ఐదింటిలో మూడు తీసేయండి, ఉన్న రెండింటిలో ఆ భుజాన్ని తిరిగి తీసుకురండి.

ఆనందవర్ధనుడి జంటలు ఇక్కడ పనికొస్తాయన్నాను. పన్నెండో అధ్యాయంలో శత్రు యంత్రాన్ని చీల్చినప్పుడు లోపలి మనిషి పేగులు బయటపడతాయి, దాన్ని పేజీన్నర వర్ణించారు. పేరా మారగానే ముద్దు. శృంగారానికి బీభత్సం పడదని చెప్పింది ఇలాంటి చోటు గురించే. ఆ కంపరం కావాలనే తెప్పించానని రచయిత్రి అనొచ్చు. యుద్ధం మనుషుల్ని ఎంత మొద్దుబారుస్తుందో చూపించడానికి అనొచ్చు. అలాగైతే ఆ మొద్దుబారడం వాళ్లకి తెలియాలి. ఆమె అతన్ని ముట్టుకోవడానికి వెనకాడాలి, లేదా ముట్టుకుని తనమీద తనకే భయం వేయాలి. ఏదీ జరగలేదు. పైగా ఆ శత్రువుకి పేగులే తప్ప ముఖం లేదు. 1979 నాటికే అవతలి యంత్రంలో మనిషిని చూపించిన ప్రక్రియలో ఉండి, మనం వెనక్కి పోకూడదు. దివిసీమ దాకా వచ్చిన ఆ సైన్యంలో కూడా ఒకరి మచ్చ ఇంకొకరికి తెలిసే ఉంటుంది కదా.

చివరి లోపం అన్నిటికన్నా పెద్దది. దాన్ని సరిచేస్తే ఇదే ఈ నవలకి ప్రాణం అవుతుందని కూడా నా నమ్మకం.

లింకు సంగతి. ఆరో అధ్యాయంలో మొదటిసారి ఇద్దరూ కలిసి లింకులోకి వెళ్లినప్పుడు, ఆమె ఇంకా తనకి తానే పూర్తిగా ఒప్పుకోని ఒక ఊహ అతనికి తెలిసిపోతుంది. ఆమె చెప్పలేదు, అతను అడగలేదు, యంత్రం చేరవేసింది. ఆమెకి కోపం వస్తుంది. అర పేజీలో చల్లారిపోతుంది. తర్వాత అదొక తీపి జ్ఞాపకంలా నడుస్తుంది. నాకు అక్కడ గొంతులో ముల్లు గుచ్చుకుంది. నాలుగో అధ్యాయంలో ఆమె అతన్ని దగ్గరికి రానిచ్చింది, నిజమే. దగ్గరికి రానివ్వడం వేరు, తలలోకి రానివ్వడం వేరు. పైగా అతను ర్యాంకులో పైవాడు. లింకులోకి రానంటే ఆమె ఉద్యోగం పోతుంది, వేరే మెకానిక్ వస్తాడు. అలాంటి చోట ఆమె ‘సరే’ అన్నది నిజంగా సరేనా? ఈ ప్రశ్న నేను బయటి నుంచి తెచ్చి రుద్దడం లేదు, నవలే లేపింది. లేపి, సర్ది పడుకోబెట్టేసింది.

కానీ ఇక్కడే ఒక వింత చూడండి. ఎనిమిదో అధ్యాయంలో ఒక వాక్యం ఉంది, చాలామంది దాటేసి ఉంటారు. ఆమె ఎవరికీ చెప్పకుండా లింకు వైరింగ్‌లో తన సీటు కింద ఒక స్విచ్ పెట్టుకుంటుంది. నొక్కితే ఆమె వైపు లైను తెగిపోతుంది. ఒక్క వాక్యం, అంతే. తర్వాత ఎక్కడా ఆ స్విచ్ ఊసు లేదు. అమ్మా, ఇంత గొప్ప విషయం చేతిలో పెట్టుకుని మీరు పదో అధ్యాయంలో పున్నమి దగ్గరికి ఎలా వెళ్లిపోయారు? ఆమె మెకానిక్. అవమానానికి ఆమె జవాబు కన్నీళ్లు కాదు, వైరింగ్. ఆ స్విచ్ ఉందని అతనికి ఎప్పుడు తెలుస్తుంది? తెలిశాక ఏమంటాడు? నిండు యుద్ధంలో ఆమె దాన్ని నొక్కితే యంత్రం సగం చచ్చుబడుతుంది, ఇద్దరి ప్రాణాలూ పోవచ్చు. అయినా నొక్కే హక్కు ఆమెకి ఉందా? నొక్కకుండా ఉండిపోయిన రోజున అది ప్రేమా, భయమా? మంచాల తన రాత్రిని చేతులారా వదులుకుంది, అందుకే ఆమె మనకి గుర్తుంది. ఈమెకి కూడా వదులుకోవడానికో పట్టుకోవడానికో సాధనం ఇచ్చి, మీరే సీటు కింద దాచేశారు.

ప్రచురణ గురించి అడిగారు, రెండు మాటలు చెప్పి ముగిస్తాను. తెలుగులో ఆడమనిషి కోరిక గురించి ఆడమనిషి రాస్తే ఏం జరిగిందో మనకి తెలుసు. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం రాధికాసాంత్వనాన్ని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. నిషేధం ఎత్తేసింది 1947లో, టంగుటూరి ప్రకాశం పంతులు గారు. ఇవాళ చట్టం అంత గుడ్డిగా లేదు. అశ్లీల పుస్తకాల సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 294. సాహిత్య ప్రయోజనం కోసం ప్రజాహితమైనదని రుజువైతే అందులో మినహాయింపు ఉంది. ఏదో ఒక పేజీ విడదీసి చూడకూడదని, మొత్తం రచనని ఇప్పటి సమాజం కళ్లతో చూడాలని సుప్రీంకోర్టు 2014లో అవీక్ సర్కార్ కేసులో చెప్పింది. అట్ట మీద పెద్దవాళ్లకి మాత్రమే అని స్పష్టంగా వేయండి, అది పాఠకుడికి మనం ఇవ్వాల్సిన మర్యాద.

ప్రచురణకర్త నాలుగో అధ్యాయం కత్తిరించమని అడుగుతారు. ఇప్పుడే చెబుతున్నాను, ఒప్పుకోవద్దు. అది పోతే చివరి అధ్యాయం పోతుంది. పేజీలు తగ్గించమంటే పది నుంచి పదిహేను దాకా చూపించండి, అక్కడ ఎంత తగ్గినా నష్టం లేదు. మిగిలిన చోటు ఆ స్విచ్‌కి ఇవ్వండి. నేను అడగాల్సింది ఆవిడనే కాబట్టి మైకు ఇప్పుడు రచయిత్రి గారికి ఇస్తున్నాను. ఆ స్విచ్ ఎందుకు పెట్టారో, ఎందుకు వదిలేశారో ముందు అది చెప్పండి. తర్వాత మిగతావాళ్లు అడుగుతారు.